శస్త్రచికిత్సలో కృత్రిమ మేధపై ఆధారపడితే ఎదురయ్యే ప్రమాదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో జరిగే పెద్ద ఆపరేషన్లు ఈ ఒక్క నగరవాసులకు సంబంధించినవి కావు. ఇచ్ఛాపురం, పార్వతీపురం, పాడేరు ఏజెన్సీ, ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతాల నుంచి కూడా రోగులు కేజీహెచ్‌కో, విమ్స్‌కో, ఆరిలోవ హెల్త్ సిటీలోని ఆసుపత్రులకో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వస్తుంటారు. బంగారం కుదువ పెట్టి వచ్చినవారికి, ప్రభుత్వ ఆరోగ్య పథకం మీద వచ్చినవారికి కూడా ఇప్పుడు ‘రోబో’, ‘ఏఐ’ (కృత్రిమ మేధ) అనే మాటలు వినిపిస్తున్నాయి. ఆ మాటల వెనక ఏముందో, ఎక్కడ జాగ్రత్తపడాలో తెలుసుకోవాలనుకునే రోగులను, వారి బంధువులను దృష్టిలో పెట్టుకుని ఈ ప్రశ్నలకు జవాబులు రాశాము. ఇవి ఏ ఒక్కరి జబ్బుకూ వైద్య సలహా కావు.

రోబో చేసే ఆపరేషన్, కృత్రిమ మేధ చేసే ఆపరేషన్ ఒకటేనా?

కావు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్ల అనవసరమైన భయం ఒకవైపు, అంతకంటే అనవసరమైన ధీమా మరోవైపు పుడుతున్నాయి. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000లో ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే) ఆపరేషన్లకు అనుమతించిన డావిన్సీ యంత్రాన్నే తీసుకుంటే, అది ఎక్కడ కోయాలన్న నిర్ణయం తీసుకోదు. సర్జన్ కొంచెం దూరంలో కన్సోల్ ముందు కూర్చుని వేళ్లు కదిలిస్తే, రోగి శరీరంలోకి పంపిన సన్నని పరికరాలు ఆ కదలికలను అనుసరిస్తాయి. చేతి వణుకును యంత్రం వడగడుతుంది, పెద్ద కదలికను చిన్నది చేస్తుంది, అంతే.

కృత్రిమ మేధ పని వేరు. స్కాన్ చిత్రంలో కణితి హద్దులు గీయడం, ఆపరేషన్‌కు ముందు రోగికి ఎంత ముప్పు ఉందో అంకెల్లో చెప్పడం, మత్తులో ఉన్నప్పుడు బీపీ పడిపోబోతోందని హెచ్చరించడం, ల్యాపరోస్కోపీ తెర మీద ‘ఇక్కడ కోయవచ్చు, ఇక్కడ వద్దు’ అని రంగులతో చూపించడం దాని పనులు. శస్త్రచికిత్స రోబోల స్వయంప్రతిపత్తిని 0 (అంతా మనిషే) నుంచి 5 (అంతా యంత్రమే) వరకు ఆరు స్థాయులుగా విభజించాలని 2017లో కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు. ఆ లెక్కన ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లలో వాడుతున్నవి ఎక్కువగా కింది స్థాయులకు చెందినవే. కాబట్టి ఆసుపత్రిలో ‘రోబో ఉందా’ అని అడగటం కంటే, ‘ఈ ఆపరేషన్‌లో ఏ నిర్ణయానికి సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడుతున్నారు’ అని అడగటం వల్ల ఉపయోగం ఎక్కువ.

మనిషి చెయ్యి తగలకుండా యంత్రమే ఆపరేషన్ చేసే రోజు వచ్చేసిందని వార్తల్లో చూశాము. నిజమేనా?

ఆ వార్తల వెనక నిజమైన పరిశోధన ఉంది. అయితే శీర్షిక చదివినవారికి కనిపించని విషయాలు కూడా అందులో ఉన్నాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో తయారైన ‘స్టార్’ అనే రోబో పందుల్లో తెగిన చిన్నపేగు కొసలను ల్యాపరోస్కోపీ పద్ధతిలో కలిపి కుట్టిందని 2022 జనవరిలో ప్రచురించారు. అదే విశ్వవిద్యాలయ బృందం 2025 జులైలో మరో అడుగు ముందుకు వేసింది. శస్త్రచికిత్సల వీడియోలు చూసి నేర్చుకున్న రోబో, పిత్తాశయం తొలగించే ఆపరేషన్‌లో క్లిప్పులు వేసి కోసే ఘట్టాన్ని ఎనిమిది అవయవాల మీద తానే పూర్తి చేసింది.

ఆ ఎనిమిదీ పందుల శరీరాల నుంచి వేరు చేసి తెచ్చిన అవయవాలు. వాటిలో రక్తం ప్రవహించదు, ఊపిరి తీసుకునే కొద్దీ కాలేయం కిందికీ పైకీ కదలదు, పాత ఆపరేషన్ వల్ల పేగులు అతుక్కుపోయి ఉండవు. సర్జన్‌కు చెమట పట్టించేవి సరిగ్గా అవే. ఈ పరిశోధన గొప్పదే కానీ, దాన్ని చూపించి మన ఊళ్లో ఎవరైనా ‘పూర్తిగా ఏఐ ఆపరేషన్’ అని ప్రకటన ఇస్తే అది ప్రచారమని గ్రహించాలి.

అయితే అసలు ప్రమాదం ఎక్కడ ఉంది?

పిత్తాశయంలో రాళ్ల ఆపరేషన్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఈ విషయం బాగా అర్థమవుతుంది, ఎందుకంటే అది చాలా తరచుగా జరిగే ఆపరేషన్, అందులో జరిగే పెద్ద పొరపాటు మీద దశాబ్దాల అధ్యయనం ఉంది. సర్జన్ పిత్తాశయానికి వెళ్లే చిన్న నాళాన్నీ, దాని రక్తనాళాన్నీ క్లిప్పులు వేసి కోయాలి. పక్కనే, కాలేయం నుంచి పేగుకు పైత్యరసాన్ని తీసుకెళ్లే ప్రధాన నాళం ఉంటుంది. చిన్న నాళం అనుకుని ప్రధాన నాళాన్ని కోసేస్తే రోగికి మరో పెద్ద ఆపరేషన్ తప్పదు, కొందరికి ఏళ్ల తరబడి ఇబ్బంది ఉంటుంది. అలాంటి 252 గాయాలను అమెరికాకు చెందిన సర్జన్ లారెన్స్ వే బృందం విశ్లేషించి 2003లో ఫలితాలు ప్రచురించింది. వాటిలో 97 శాతానికి మూలకారణం కన్ను మోసపోవడమనీ, చేతి నైపుణ్యంలో లోపం 3 శాతం కేసుల్లోనే ఉందనీ తేలింది. అంటే సర్జన్ తాను సరైన నాళాన్నే చూస్తున్నానన్న పూర్తి నమ్మకంతో తప్పు నాళాన్ని కోశాడు.

కన్ను మోసపోతున్నప్పుడు, తెర మీద నాళాలను గుర్తించి రంగు వేసి చూపించే సాఫ్ట్‌వేర్ సహజంగానే ఆశ కల్పిస్తుంది. అలాంటివి తయారయ్యాయి కూడా. కానీ అవి నిపుణులు గుర్తులు పెట్టిన వీడియోల నుంచి నేర్చుకుంటాయి. శుభ్రంగా కనిపించే పిత్తాశయాల వీడియోలు ఎన్నైనా దొరుకుతాయి. నెలల తరబడి నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చి, వాచిపోయి, చుట్టూ అన్నీ అతుక్కుపోయిన తర్వాత వచ్చే రోగుల వీడియోలు తక్కువగా ఉంటాయి, వాటి మీద నిపుణులు పెట్టే గుర్తులు కూడా ఒకరితో ఒకరికి సరిపోవు. సాయం ఎక్కువ కావలసిన చోటే యంత్రానికి అనుభవం తక్కువన్నమాట.

రెండో చిక్కు మనిషి మనసుకు సంబంధించినది. 1995లో స్ట్రాస్‌బర్గ్ బృందం ఒక నియమాన్ని చెప్పింది: చుట్టూ ఉన్న కొవ్వును, పొరను పూర్తిగా విడదీసి, పిత్తాశయంలోకి రెండంటే రెండు నిర్మాణాలు మాత్రమే వెళ్తున్నాయని కళ్లారా చూసేదాకా ఏదీ కోయకూడదు. ఓపిక, సమయం కోరే ఈ పని కంటే ముందే తెర మీద ‘కోయవచ్చు’ అనే ఆకుపచ్చ రంగు కనిపిస్తే, ఆ విడదీసే పని సగంలో ఆగిపోయే అవకాశం ఉంది. నా అభిప్రాయంలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడే థియేటర్లో సర్జన్ ముందు తాను ఏ నాళాన్ని ఏదిగా గుర్తించాడో పైకి చెప్పి, ఆ తర్వాతే రంగును తెర మీదికి రప్పించాలి. రెండూ సరిపోలకపోతే అక్కడ ఆగాలి, ఇంకొక సర్జన్‌ను పిలవాలి, అవసరమైతే పొట్ట తెరిచి చేయాలి.

చివరి నిర్ణయం డాక్టర్‌దే కదా? పక్కన మనిషి ఉన్నాక భయమెందుకు?

మనిషి ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. ఆ మనిషికి యంత్రాన్ని కాదనే సమయం, సమాచారం, అలవాటు ఉండాలి. అమెరికాలో వందల ఆసుపత్రులు వాడిన ఒక సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా విషమించి ప్రాణం మీదికి వచ్చే స్థితి) హెచ్చరిక సాఫ్ట్‌వేర్‌ను మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్వతంత్రంగా పరీక్షించి 2021లో ఫలితాలు వెల్లడించారు. అది ఆసుపత్రిలో చేరిన మొత్తం రోగుల్లో 18 శాతం మంది విషయంలో హెచ్చరిక మోగించింది, అయినా సెప్సిస్ వచ్చినవారిలో 67 శాతం మందిని గుర్తించలేకపోయింది. అన్నన్ని తప్పుడు హెచ్చరికలు విన్న నర్సు వాటిని పట్టించుకోవడం మానేస్తుంది. మోగనప్పుడు ‘మోగలేదు కదా’ అని నిశ్చింతగా ఉంటుంది. రెండు విధాలా రోగికే నష్టం.

మత్తు డాక్టర్లు వాడే రక్తపోటు హెచ్చరిక సూచిక కథ ఇంకా సూక్ష్మమైనది. సగటు రక్తపోటు 65 కంటే కిందికి పడిపోబోతోందని కొన్ని నిమిషాల ముందే చెబుతుందని దాన్ని ప్రచారం చేశారు. అయితే దాన్ని పరీక్షించిన సమాచారంలో ‘బాగున్న’ రోగులంటే 75 పైన ఉన్నవారిని మాత్రమే ఎంచుకున్నారనీ, మధ్యలో ఊగిసలాడేవారిని వదిలేశారనీ 2022లో విమర్శకులు ఎత్తి చూపారు. ఆ ఎంపిక వల్ల, రక్తపోటు ఇప్పటికే కొంచెం తగ్గి ఉందన్న సంగతినే యంత్రం జోస్యంలా చెప్పినా, మార్కులు మాత్రం బాగా పడతాయి. ఇలాంటి లోపం థియేటర్లో నిలబడి ఉన్న డాక్టర్‌కు కనిపించదు, పరిశోధన పత్రాన్ని నిశితంగా చదివినవారికే తెలుస్తుంది.

ఈ సాఫ్ట్‌వేర్లు మన ప్రాంత రోగులకు సరిపోతాయా?

ఈ పేజీలో ఉత్తరాంధ్రవారు అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన జవాబు ఇదే అనుకుంటున్నాను. ఆపరేషన్ ముప్పును లెక్కగట్టే సాధనాల్లో పేరున్నది అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారిది. అది అమెరికాలోని నమోదిత ఆసుపత్రుల రోగుల సమాచారంతో తయారైంది. అక్కడి రోగికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయంటే వెనక సాధారణంగా మధుమేహమో, అధిక రక్తపోటో ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అలా కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో మధుమేహం, రక్తపోటు లేని రైతులకు, కూలీలకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకుండానే జబ్బు ముదురుతుంది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. మధుమేహం లేదు, బీపీ లేదు, వయసు నలభై అన్న వివరాలతో ముప్పును లెక్కగట్టే యంత్రం అలాంటి వ్యక్తిని ‘తక్కువ ముప్పు’ గడిలో వేసే అవకాశం ఉంది. స్కాన్ కోసం ఇచ్చే కాంట్రాస్ట్ మందు, నొప్పికి ఇచ్చే కొన్ని మాత్రలు అతనికి హాని చేయగలవు. ఊరి పేరు వినగానే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందని అడిగే స్థానిక డాక్టర్‌కు ఉన్న జ్ఞానం ఆ లెక్కలో లేదు.

ఏజెన్సీ గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు మరో ఉదాహరణ. అలాంటి రోగికి ఆపరేషన్ సమయంలో ఆక్సిజన్ తగ్గినా, ఒళ్లు చల్లబడినా, నీరు తగ్గినా రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి నాళాలు మూసుకుపోవచ్చు. ఇక్కడ వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రక్తపరీక్షలో ఆక్సిజన్ నిజంగా తక్కువగా ఉన్నా ఆక్సీమీటరు బాగానే ఉందని చూపించడం, తెల్లజాతి రోగులతో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగిందని 2020లో అమెరికాలో తేలింది. ఆ అంకెనే ఆహారంగా తీసుకునే సాఫ్ట్‌వేర్ ఎంత తెలివైనదైనా, ఆ తప్పు దాని జవాబులోకి వచ్చి చేరుతుంది.

ఇంకొన్ని పొరపాట్లు వింతగా ఉంటాయి. చర్మ క్యాన్సర్‌ను ఫొటో చూసి గుర్తించే ఏఐ, మచ్చ పక్కన డాక్టర్ పెన్నుతో వేసిన గీతలు ఉంటే మామూలు పుట్టుమచ్చను కూడా క్యాన్సర్ అని చెప్పడం పెరిగిందని 2019లో జర్మనీ పరిశోధకులు చూపించారు. న్యుమోనియా ఎక్స్‌రేలు చదివే ఏఐ, ఊపిరితిత్తులతో పాటు ఆ ఫిల్మ్ ఏ ఆసుపత్రిదో కూడా పసిగట్టి దాన్ని బట్టి అంచనా వేసిందని 2018లో తేలింది.

మన నగరంలో స్టీల్‌ప్లాంట్ పరిసరాల్లో వైద్య పరికరాల తయారీకి మెడ్‌టెక్ జోన్ ఉంది, 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల ఉంది. బయట తయారైన సాధనాన్ని ఇక్కడి రోగుల పాత రికార్డుల మీద ముందుగా నడిపి చూసి, ఎక్కడ తప్పుతోందో లెక్క తీయడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. అలాంటి స్థానిక పరీక్ష జరిగిందా అని ఏ ఆసుపత్రినైనా అడిగే హక్కు రోగికి ఉందని నా నమ్మకం.

యంత్రానికి అలవాటు పడితే డాక్టర్ల నైపుణ్యం తగ్గిపోతుందా?

తగ్గవచ్చని సూచించే ఆధారం ఒకటి ఇటీవల వచ్చింది. పోలండ్‌లోని నాలుగు కేంద్రాల్లో కొలనోస్కోపీ చేసే అనుభవజ్ఞులైన డాక్టర్లు, పెద్దపేగులో క్యాన్సర్‌గా మారగల బుడిపెలను గుర్తించే ఏఐని రోజూ వాడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఏఐ లేకుండా చేసిన పరీక్షల్లో అలాంటి బుడిపెలు దొరికిన రోగుల శాతం 28.4 నుంచి 22.4కు పడిపోయిందని 2025 ఆగస్టులో ప్రచురించారు. ఇది చీటీలు వేసినట్టు రోగులను రెండు వర్గాలుగా విడగొట్టి పోల్చిన ప్రయోగం కాదు కాబట్టి వేరే కారణాలు కూడా ఉండవచ్చు. అయినా వేల పరీక్షలు చేసిన చేతులకే కొన్ని నెలల్లో ఈ తేడా కనిపించిందంటే, ఇంకా నేర్చుకునే దశలో ఉన్న పీజీ విద్యార్థుల సంగతి ఆలోచించాలి.

పాత తరం సర్జన్లు పొట్ట తెరిచి వందల ఆపరేషన్లు చేసి, ఆ తర్వాత ల్యాపరోస్కోపీకి, ఆపైన రోబోకు వచ్చారు. తెర మీద ఏదైనా అడ్డం తిరిగితే వెనక్కి వెళ్లడానికి వారికి దారి తెలుసు. మొదటి నుంచీ తెర మీదే, అదీ రంగుల గుర్తులతోనే నేర్చుకున్న సర్జన్‌కు రక్తం తెరను కమ్మేసిన క్షణంలో ఏ దారి ఉంటుంది? దీనికి సులువైన జవాబు లేదు. ఏఐ ఆపేసి ఆపరేషన్లు చేసే రోజులను శిక్షణలో తప్పనిసరి చేయడం, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్ల సంఖ్యను లాగ్‌బుక్‌లో వేరుగా లెక్కించడం కనీస జాగ్రత్తలు. మనం అడగదగిన ప్రశ్న మాత్రం ఒకటుంది: ‘సార్, ఈ ఆపరేషన్ మధ్యలో యంత్రం పనిచేయకపోతే మామూలు పద్ధతిలో మీరే పూర్తి చేస్తారా, వేరే ఎవరినైనా పిలవాలా?’ మంచి సర్జన్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు.

కరెంటు, నెట్‌వర్క్ పోతే ఏమవుతుంది?

విశాఖవాసులకు ఈ ప్రశ్న ఊహ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. థియేటర్లకు జనరేటర్లు, యూపీఎస్‌లు ఉంటాయి కాబట్టి దీపాలు, వెంటిలేటర్ నడుస్తాయి. కానీ సాఫ్ట్‌వేర్ లెక్కలు వేరే ఊళ్లోని సర్వర్లో జరుగుతుంటే జనరేటర్ ఆ సర్వర్‌ను ఇక్కడికి తేలేదు. గూగుల్ విశాఖలో భారీ ఏఐ కేంద్రం పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించాక, ‘ఇక సర్వర్లు మన ఊళ్లోనే కదా’ అనే మాట కొందరి నోట వినిపిస్తోంది. ఊళ్లో డేటా సెంటర్ ఉండటానికీ, మీ ఆసుపత్రి వాడే సాఫ్ట్‌వేర్ అందులో నడవడానికీ సంబంధం లేదు, తుపాను వస్తే ఆసుపత్రీ, డేటా సెంటరూ రెండూ దాని దారిలోనే ఉంటాయి కూడా.

తుపానే రానవసరం లేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, దాదాపు రెండు వారాలు కాగితాల మీద పని నడిపారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లోపభూయిష్ట అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లు నిలిచిపోయి, చాలా ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. ఏఐ లేకపోతే ఆపరేషన్ మొదలుపెట్టలేని స్థితికి ఏ థియేటరూ చేరకూడదు.

రోబో పాడయిన ఘటనలు నిజంగా నమోదయ్యాయా?

నమోదయ్యాయి. 2000 నుంచి 2013 వరకు ఎఫ్‌డీఏకు అందిన నివేదికలను పరిశీలించిన పరిశోధకులు రోబో ఆపరేషన్లకు సంబంధించి 10,624 ఘటనలను గుర్తించారు. వాటిలో 144 మరణాలు, 1,391 గాయాలు, 8,061 పరికర వైఫల్యాలు ఉన్నాయి. కాలిన, విరిగిన పరికరపు ముక్కలు రోగి శరీరంలో పడటం, విద్యుత్ మెరుపులు రావడం, అనుకోని కదలికలు, తెర మీద చిత్రం పోవడం అందులో ఉన్నాయి. ఈ అంకెలు చూసి బెంబేలెత్తనవసరం లేదు. 2007 నుంచి 2013 వరకే అమెరికాలో 17 లక్షలకు పైగా రోబో ఆపరేషన్లు జరిగాయి, పైగా నివేదికలో మరణం ఉన్నంత మాత్రాన దానికి యంత్రమే కారణమని కాదు. మరోవైపు, జరిగినవన్నీ నివేదికలకు ఎక్కవు. ఈ జాబితాలో ఉన్నవి ఎక్కువగా యంత్ర భాగాల లోపాలు. సాఫ్ట్‌వేర్ తప్పు సూచన ఇస్తే, సర్జన్ దాన్ని పాటిస్తే, ఆ ఘటన ‘పరికర వైఫల్యం’గా ఎక్కడా నమోదు కాకుండా ‘ఆపరేషన్‌లో వచ్చిన ఇబ్బంది’గా కేస్ షీట్‌లో మిగిలిపోయే అవకాశమే ఎక్కువ.

కొత్త పద్ధతి పాతదానికంటే మంచిదే అయ్యుంటుంది కదా?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అనుభవం ఇందుకు భిన్నంగా ఉంది. తొలి దశలో ఉన్న ఆ క్యాన్సర్‌కు చిన్న రంధ్రాల ద్వారా, ల్యాపరోస్కోపీతో గానీ రోబోతో గానీ గర్భాశయం తొలగించడం పొట్ట తెరిచి చేయడంతో సమానమేనని చాలామంది నమ్మారు. 2018లో వెలువడిన అంతర్జాతీయ ప్రయోగంలో నాలుగున్నరేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు పొట్ట తెరిచి చేసిన వర్గంలో 96.5 శాతం, చిన్న రంధ్రాల వర్గంలో 86 శాతం. చిన్న గాయం, త్వరగా ఇంటికి వెళ్లడం వంటి కంటికి కనిపించే లాభాల వెనక ఈ తేడా ఏళ్ల పాటు దాగి ఉంది. 2019 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ క్యాన్సర్ ఆపరేషన్లలో రోబో వాడకంపై హెచ్చరిక జారీ చేసింది. అది ఏఐ కథ కాదు, కానీ ఏఐని తూచడానికి అదే త్రాసు కావాలి: ఆపరేషన్ ఎంత నాజూగ్గా జరిగిందన్నది కాకుండా, రోగి ఏళ్ల తర్వాత ఎలా ఉన్నారన్నది.

అంటే ఏఐ వద్దని చెప్పాలా?

అవసరం లేదు. ఆపరేషన్‌కు ముందు స్కాన్‌ను త్రీడీలో చూపించి రక్తనాళాల దారిని తెలియజేయడం, రాత్రి డ్యూటీలో ఒక్కడే ఉన్న జూనియర్ డాక్టర్‌కు రెండో కన్నుగా ఉండటం వంటి పనుల్లో దాని వల్ల మేలు జరగగలదు. ఆ సాయం తప్పయినప్పుడు పట్టుకోగలిగే మనిషి, పద్ధతి అక్కడ ఉన్నాయా అన్నదే చూడాలి.

ఫోన్‌లో చాట్‌బాట్‌ను అడిగి ఆపరేషన్ గురించి నిర్ణయించుకోవచ్చా?

డిశ్చార్జి సమ్మరీ ఫొటో తీసి చాట్‌బాట్‌కు పెట్టి అర్థం చెప్పమనడం ఇప్పుడు వార్డు వరండాల్లో మామూలైపోయింది. కఠినమైన పదాలకు అర్థం తెలుసుకోవడానికి, డాక్టర్‌ను ఏమడగాలో రాసుకోవడానికి అది పనికొస్తుంది. రక్తం పలచబడే మాత్ర ఎప్పుడు ఆపాలి, ఇన్సులిన్ ఎంత తగ్గించాలి, ఎన్ని గంటలు ఏమీ తినకూడదు అన్న విషయాల్లో మాత్రం దాని మాట వినకూడదు. గుండెలో స్టెంటు వేయించుకున్నవారు ఎవరూ చెప్పకుండా మాత్ర ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు, ఆపవలసింది ఆపకపోతే ఆపరేషన్‌లో రక్తస్రావం ఆగకపోవచ్చు. చాట్‌బాట్ తెలియని విషయాన్ని కూడా తెలిసినంత ధీమాగా చెబుతుంది. ఈ ప్రశ్నలు మత్తు డాక్టర్‌ను అడగాలి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి.

ఈ సాఫ్ట్‌వేర్లకు మన దేశంలో అనుమతి అవసరమా?

అవసరం. 2017 వైద్య పరికరాల నియమాల పరిధిలోకి, 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య ప్రయోజనం ఉన్న సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. ముప్పును బట్టి ఏ, బీ, సీ, డీ అనే నాలుగు తరగతులు ఉన్నాయి, ముప్పు ఎక్కువున్న సీ, డీ తరగతుల లైసెన్సులు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చూస్తుంది. వైద్యంలో ఏఐ వాడకంపై భారత వైద్య పరిశోధన మండలి 2023లో నైతిక మార్గదర్శకాలు విడుదల చేసింది, అయితే అవి చట్టం కావు. అనుమతి పొందిన సాఫ్ట్‌వేర్ కూడా అప్‌డేట్లతో మారుతుంటుంది. మీకు వాడిన రోజున అది ఏ వెర్షనో కేస్ షీట్‌లో రాయడం మంచి పద్ధతి.

సమ్మతి పత్రంలో ఏమి చూడాలి?

సంతకం తీసుకోవడం వేరు, సమ్మతి తీసుకోవడం వేరని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పును బట్టి గ్రహించవచ్చు. చికిత్స ఏమిటి, ఎందుకు, ప్రత్యామ్నాయాలు ఏమున్నాయి, ముఖ్యమైన ముప్పులేవి అన్నది రోగికి తగినంతగా చెప్పాలి. సమ్మతి పత్రం రోగికి వచ్చిన భాషలో ఉండాలి. ఏజెన్సీ నుంచి వచ్చినవారికి, ఒడియా మాట్లాడేవారికి తెలుగు కాగితం కూడా చాలదు, వారి భాష తెలిసినవారితో చెప్పించాలి. రోబో గానీ ఏఐ గానీ వాడుతున్నట్టయితే ఆ మాట, అది లేకుండా చేసే మార్గం, రెండింటి ఖర్చు అడిగి తెలుసుకోండి.

ఆపరేషన్ వీడియో, స్కాన్లు కంపెనీలకు ఇస్తారా?

ఇచ్చే అవకాశం ఉంది, ఎందుకంటే ఏఐకి శిక్షణ ఇవ్వడానికి కావలసినవి అవే. 2023 వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం సమ్మతికి ప్రాధాన్యం ఇచ్చింది. చికిత్సకు ఇచ్చిన సమ్మతిలోనే దీన్ని కలిపేయకుండా వేరుగా అడిగారా అని చూడండి. వద్దంటే ఆపరేషన్‌కు అడ్డు రాకూడదు.

తప్పు జరిగితే బాధ్యత ఎవరిది?

యంత్రం చెప్పిందన్న మాట డాక్టర్‌ను గానీ ఆసుపత్రిని గానీ దానంతటదే కాపాడదు. డబ్బు తీసుకుని ఇచ్చే వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ ఉచితంగా చికిత్స చేసే ఆసుపత్రులు ఆ పరిధిలోకి రావు. 2019 వినియోగదారుల చట్టంలో లోపభూయిష్టమైన ఉత్పత్తికి తయారీదారును బాధ్యుణ్ని చేసే అధ్యాయం కూడా ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయలు మించకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, సాధారణంగా రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. క్రిమినల్ కేసుకు మాత్రం తీవ్రమైన నిర్లక్ష్యం రుజువు కావాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో కోర్టు చెప్పింది. సర్జన్, ఆసుపత్రి, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకరి మీద ఒకరు నెట్టుకునే పరిస్థితిలో రోగి చేతిలో ఉండే బలం రికార్డులే.

ఆ రికార్డులు ఎలా తీసుకోవాలి?

వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002 నాటి నిబంధనల ప్రకారం, చేరి చికిత్స పొందిన రోగి రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి, రోగి గానీ అధీకృత ప్రతినిధి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోవద్దు. ఆపరేషన్ నోట్స్, మత్తు చార్టు, స్కాన్ సీడీలు, వీడియో ఉంటే దాని కాపీ, యంత్రం నమోదు చేసుకున్న లాగ్, ఏఐ ఇచ్చిన స్కోరు లేదా హెచ్చరికల ప్రింటు అని విడివిడిగా పేర్కొంటూ దరఖాస్తు రాయాలి. వీడియోలను, లాగ్‌లను కొంతకాలానికి చెరిపేసి కొత్తవి నింపే పద్ధతి చాలా యంత్రాల్లో ఉంటుంది కాబట్టి, అనుమానం వచ్చిన రోజే వాటిని చెరపవద్దని కూడా అదే కాగితంలో కోరాలి. దరఖాస్తు రెండు కాపీలు తీసి, ఒకటి మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయడానికి నిరాకరిస్తే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.